జీపులో పోయిన పెట్టె

శుక్రవారం తెల్లవారేసరికి యల్లమ్మ సంచి సర్దడం మొదలుపెట్టింది. అది ఖాకీ గుడ్డ సంచి. చెవులు రెండూ చిరిగితే గోనెదారంతో తనే కుట్టింది. అడుగున లుంగీ, తువ్వాలు, వాటి మీద ఒక చొక్కా, పైన గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, పక్కన చెనక్కాయల పచ్చడి, ఊరిబిండి గిన్నె. గిన్నె మూత వదులుగా ఉందని తీసి, కాగితం ముక్క మడిచి పెట్టి మళ్లీ బిగించింది. ఒకసారి ఊరిబిండి కారి చొక్కాకు అంటుకుంది. ఆ మరకతోనే ఆయన పులివెందుల యార్డులో పొద్దంతా నిలబడ్డాడు. చూసినవాళ్లు ఎవరూ ఏమీ అనలేదని ఆయనే చెప్పాడు. అయినా ఆమె కళ్లకు ఆ మరక ఇంకా కనపడుతూనే ఉంది.

"బస్సు పోతాది," అన్నాడు వీరన్న గడప మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ.

"పోనీ. ఇంకో బస్సు లేదా?"

"ఉంది. దాంట్లో సీటు దొరకదు."

"మేనేజరయితే జీపులో పోవచ్చు. ఈ సీట్ల బాధ ఉండదు."

వీరన్న రెండో చెప్పు తొడుక్కున్నాడు. ప్రొద్దుటూరులోని పత్తి మిల్లులో ఆయన కొనుగోలు గుమాస్తా. జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి మిల్లుకు పత్తి కొనే యార్డులున్నాయి. పత్తి కాలమంతా ఆయనకు ఆ రెండు ఊళ్లకూ తిరగడమే పని. పులివెందుల యార్డు మేనేజరు రిటైరయి వెళ్లాక ఆ పని కూడా వీరన్నే చేస్తున్నాడు. కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. కొత్త పత్తి వచ్చేలోగా నిన్నే ఆ కుర్చీలో కూర్చోబెడతామని పోయిన వేసవిలో పెద్ద మేనేజరు సంజీవయ్య నోటితోనే అన్నాడు. ఇప్పుడు కొత్త పత్తి వచ్చింది. కార్తీకమాసమూ వచ్చింది.

"పోయొస్తా," అన్నాడు వీరన్న సంచి భుజానికి తగిలించుకుంటూ.

యల్లమ్మ వీధిలోకి వచ్చి, ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. మనిషి బయలుదేరాక బస్సు జమ్మలమడుగు దాటి ఉంటుందని తనకు తోచేదాకా ఇల్లు ఊడవదు. వాళ్లమ్మ అలాగే చేసేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు, మానాలనీ అనుకోలేదు. అందాకా కూర్చుని ఒత్తులు చేసుకుంటుంది. మిల్లులో చూసి పక్కన పడేసిన నమూనా పత్తిని వీరన్న జేబులో వేసుకుని తెస్తాడు. గింజ తీసి, దూది విడదీసి, విబూది అంటిన వేళ్లతో ఒత్తి చేస్తే ఆమె ఒత్తి సన్నగా, నిటారుగా నిలబడుతుంది. కార్తీకంలో ఒత్తుల కోసం వీధంతా ఆమె దగ్గరికే వస్తుంది.

పక్కవాటాలో ఉండే హసీనా నీళ్లబిందెతో వచ్చి ఆగింది. ఆమె మొగుడు ఉస్మాన్ మిల్లు జీపు తోలతాడు. పేరుకు డ్రైవరే గానీ ఇంకా టెంపరరీ కిందే ఉన్నాడు.

"అక్కా, నీకొక మాట చెప్పాల. అన్న పోయినాడా?"

"ఇప్పుడే పోయె. ఏంది?"

"మా ఆయప్ప రాత్రి జీపులో ఇన్నాడంట. పులివెందుల మేనేజరు చెన్నయ్యంట."

యల్లమ్మ చేతిలోని ఒత్తి రెండుగా తెగింది. "యా చెన్నయ్య?"

"ఆ చెన్నయ్యే. సంజీవయ్య తోడల్లుని కొడుకు. యా చెన్నయ్యని అడుగుతావేంది, మన కాడ ఇంకెంతమంది చెన్నయ్యలుండారు?"

"నిన్న గాక మొన్న వచ్చినోడు! పత్తి పట్టి చూసేది గూడా వానికి మా ఆయప్పే గదా నేర్పిచ్చింది!"

"నాతో ఏమిటికి కొట్లాడతావక్కా? నేను ఆర్డరు ఇచ్చినానా?" అంటూ హసీనా బిందె ఎత్తుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అన్నకే వస్తే మా ఆయప్పను పర్మనెంటు చేపిచ్చుకుందామని మేమూ అనుకుంటిమి. మా నోట్లోనూ మన్నే పడింది."

*

శనివారం వీరన్న ఇంటికి రాకుండా యార్డు నుంచి నేరుగా మిల్లుకే వెళ్లాడు. మధ్యాహ్నం యల్లమ్మ క్యారియరు తీసుకుని బయలుదేరింది. అన్నం పంపడానికి మనిషి ఉన్నాడు. అయినా తనే వెళ్లింది.

జిన్నింగు షెడ్డు ముందు పత్తి నింపిన గోనె బోరేలు దింపుతున్నారు. గాలినిండా దూది నూగు. వీరన్న ఒక బోరెంలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి లోపలి పత్తి పట్టి తీశాడు. పైపత్తి ఎప్పుడూ బాగానే ఉంటుంది, తడి లోపల దాక్కుంటుంది. చిటికెడు దూదిని రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి లాగి, పోగులు ఒకదాని మీద ఒకటి పేర్చి, మళ్లీ లాగాడు. పింజ పొడుగు చూసి, పోగులను ఊది వదిలేశాడు. రైతు ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. వీరన్న తల ఊపాడు. రైతు బీడీ వెలిగించుకున్నాడు.

ఆ సమయంలోనే ఆఫీసు గదిలోంచి సంజీవయ్య గొంతు వినిపించింది. "వీరన్నా! బిన్నె రాప్పా. నోరు తీపి చేసుకుందువు."

యల్లమ్మ క్యారియరు పట్టుకుని వరండాలో నిలబడింది. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల బల్ల మీద మైసూరుపాకు పెట్టె. చెన్నయ్య కొత్త చొక్కా వేసుకుని సంజీవయ్య పక్కన కుర్చీలో కూర్చున్నాడు. గుమాస్తాలందరూ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. నోళ్లు ఆడుతున్నాయి. ఎవరూ వీరన్న వైపు చూడడం లేదు.

"మన చెన్నయ్యను పులివెందులకు మేనేజరుగా ఏసినారు ఓనరు పెద్దాయన," అన్నాడు సంజీవయ్య. "తీసుకో. ఇంకో మాట. నువ్వు ఈ రెండు దినాలు ఈ పిల్లోనికి ఆడి సంగతులన్నీ చెప్పాల. యా ఊర్లో యట్లాంటోళ్లు, ఎవురి పత్తి యట్లుంటాది, అన్నీ. నువ్వు చెప్తేనే గదా తెలిసేది."

వీరన్న చేతులు తువ్వాలుకు తుడుచుకుని మైసూరుపాకు ముక్క తీసుకున్నాడు. తినలేదు. చేతిలోనే పెట్టుకున్నాడు.

"సార్, ఎండాకాలంలో నాకిస్తామంటిరి."

"అంటిమి. ఎవురు కాదన్న్యారు?" సంజీవయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ పని మీద నాకేం మాటలేదు వీరన్నా. ఒక్కటి చెప్పు. నువ్వు ఎవురి మనిషివి?"

"నేను మిల్లు మనిషిని సార్."

గోడ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సంజీవయ్య కూడా నవ్వాడు. "మిల్లంటే ఏందప్పా, గోడలా? మేనేజరంటే పెద్దాయన తరపున సంతకం పెట్టేటోడు. వాడు పెద్దాయన మనిషై ఉండాల. నువ్వేమో అందరితోనూ నవ్వుతాండావు. మీ నాయన గొర్రెల మంద ఈ పొద్దు ఈ పార్టీ ఓని చేన్లో పండుకుంటాది, రేపు ఆ పార్టీ ఓని చేన్లో పండుకుంటాది. గొర్రెలకయితే సరిపాయ. కుర్చీకి యట్ల సరిపోతాది?"

ఈసారి అందరూ నవ్వారు. చెన్నయ్య నవ్వాపుకుని తలుపు వైపు చూశాడు. "అక్కా, నువ్వు ఆడనే నిలబడితివేంది? రా, నువ్వూ ఒక ముక్క తీసుకో."

"మాకు చక్కెర పడదు," అంది యల్లమ్మ.

షెడ్డు వెనక గోడనీడలో కూర్చుని వీరన్న అన్నం తిన్నాడు. మైసూరుపాకు ముక్కను క్యారియరు మూతలో పెట్టాడు. చీమలు వస్తే ఆమె దాన్ని తీసి అవతలికి విసిరేసింది.

"అంత మాటంటే నువ్వేం పలకవే?"

"ఏం పలికేది? ఆయప్ప చెప్పింది నిజమే గదా. నేను ఎవురి మనిషినీ గాను."

"అది గొప్పా?"

వీరన్న చారు కలుపుకుంటూ నెమ్మదిగా చెప్పాడు. "లింగాల పక్కన మా ఊర్లో ఒక పార్టీ ఓడు ఇంకో పార్టీ ఓని గట్టు తొక్కితే కాలుండదు. మా నాయన మంద మాత్రం రెండు పక్కలా పండుకుంటాది. చేనికి పెంట అందరికీ కావాల. మా మంద మీద ఈ పొద్దుటికీ ఎవురూ రాయి ఎయ్యలేదు. నన్ను జూసినా అంతే. బస్సు దిగి, సంచి తగిలిచ్చుకొని నడ్సుకుంటా పోతాంటే రెండు పక్కలోళ్లూ పిల్చి మజ్జిగ ఇస్తారు. ఇద్దరూ పత్తి తెచ్చి నాకే ఏస్తారు. అదే నా ఉద్యోగం."

"మజ్జిగ తాగుకుంటా ముసలోనివి కా," అంది యల్లమ్మ. క్యారియరు గిన్నెలు గట్టిగా ఒకదాన్లో ఒకటి దిగేసి లేచింది.

*

ఆదివారం మిల్లు ఓనరు పెద్దాయన ఒక పార్టీలో చేరాడు. ఎలక్షన్లు దగ్గరికొచ్చాయి. పులివెందులలో పెద్ద మీటింగు పెట్టి ఆయనకు కండువా కప్పారు. మిల్లు జీపు కూడా ఊరేగింపులో పోయింది. సాయంత్రం ఉస్మాన్ జీపును వీధిలో ఆపి దిగేసరికి ముందు ఒక జెండా కట్టి ఉంది. తలుపుల మీద రంగు పులిమి ఉంది. అద్దంలో మూల నుంచి మూలకు పగులు.

"ఇదేందిది?" అంది హసీనా గడప మీద నుంచి.

"మనకు పూలేసినారు గదా, ఆ పక్కలోళ్లు రాళ్లేసినారు," అన్నాడు ఉస్మాన్ నవ్వుతూ. "నా మీద గాదులే. అద్దం మీద. నన్ను కొడితే ఏమొస్తాది వాళ్లకు? నేను పర్మనెంటు గూడా గాదు."

"ఆ జెండా తీసెయ్యి."

"తియ్యొద్దన్నాడు సంజీవయ్య సారు. ఎలక్షన్లు అయిపొయ్యేదంక ఉండాలంట." ఉస్మాన్ యల్లమ్మను చూసి చెయ్యి ఎత్తాడు. "వదినా, ఇంగో మాట. మీటింగులో రాళ్లు పడంగనే చెన్నయ్య నా జీపు కింద దూరినాడు. ప్యాంటంతా గ్రీసు. వచ్చేటప్పుడు దోవంతా మాట్లాడితే ఒట్టు."

హసీనా నవ్వింది. యల్లమ్మ కూడా నవ్వింది. కానీ ఆ మాటను ఆమె సరిగా చెవిన పెట్టుకోలేదు. రేపు కార్తీక సోమవారం. ఒళ్లో దూది ఉంది. ఆమె మనసంతా పెద్దాయన ఇంటి మీద ఉంది.

*

పెద్దాయన భార్య నాగేశ్వరమ్మ కార్తీకంలో ఒత్తులు తనే చేసుకోవాలని అనుకుంటుంది గానీ ఎప్పుడూ చేసుకోదు. సోమవారం పొద్దున యల్లమ్మ ఒత్తులను అరటి ఆకులో పరిచి, పైన తడిగుడ్డ కప్పి తీసుకుపోయింది. ఇంటి ముందు జీపులు, చేతికర్రలతో మనుషులు. ఒకడు ఆకు మీద గుడ్డ ఎత్తి చూసి మరీ లోపలికి పంపాడు.

నాగేశ్వరమ్మ పీట మీద కూర్చుని, ఒక ఒత్తి తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"శానా సన్నగా చేసినావే. ఎవురమ్మే నువ్వు?"

"మన మిల్లులో వీరన్న పెండ్లానమ్మా. కొనుగోలు గుమాస్తా."

"ఓ, గొర్లోళ్ల పిల్లోడు. మంచోడే. మాట్లాడడు." ఒత్తులు పళ్లెంలోకి సర్దింది. "ఏంది సంగతి? ఉత్త చేతులతో వచ్చినోళ్లు గూడా ఏదో ఒకటి అడిగే పోతారు. నువ్వు ఇన్ని ఒత్తులు తెస్తివి. చెప్పు."

యల్లమ్మ ఇంటి దగ్గర చెప్పుకుని వచ్చిన మాటలన్నీ ఒక్కసారిగా మరిచిపోయింది. "ఆయప్ప పన్జేసిన కుర్చీని చెన్నయ్యకిచ్చినారమ్మా," అని మాత్రం అనగలిగింది. "నాలుగు మాటలు మాట్లాడడం రాదనేగదా."

"మాటలు గాదు." నాగేశ్వరమ్మ ఒత్తిని నూనెలో ముంచింది. "ఇప్పుడు కాలం అట్లుంది. పులివెందులలో మా పేరు మీద కూర్చుండేటోడు మా మనిషై ఉండాల. మీ ఆయన మా మనిషేనా?"

యల్లమ్మకు శనివారం గోడ దగ్గర నవ్విన నోళ్లు కనపడ్డాయి.

"మీ మనిషే అమ్మా," అంది. "మేమంతా మీ మనుషులమే."

"అట్ల చెప్పు." నాగేశ్వరమ్మ తల తిప్పి లోపలి గది వైపు పిలిచింది. "ఏమయ్యో, ఇంటాండావా? వీరన్న మన మనిషేనంట."

లోపల మాటలు ఆగాయి. పెద్దాయన బయటికి రాలేదు. "ఆయప్పను పిల్సకరమ్మని చెప్పు సంజీవయ్యకు," అనే గొంతు మాత్రం వినిపించింది. చేతికర్రలతో కూర్చున్న మనుషులు తలలెత్తి యల్లమ్మను చూశారు. లోపలికి వచ్చేటప్పుడు ఎవరూ అలా చూడలేదు. ఇప్పుడు గుర్తుపెట్టుకుంటున్నట్టు చూశారు. నాగేశ్వరమ్మ ఆమె చేతిలో ఒక రవికగుడ్డ పెట్టింది.

తిరిగి వస్తూ యల్లమ్మ బజారులో ఆగి ఒక పెట్టె కొంది. నీలం రంగుది, ఇనుప మూలలు వేసినది. తాళం కూడా ఉంది.

*

వీరన్న పొద్దు కుంకకముందే వచ్చాడు. చొక్కా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.

"పులివెందులకు నన్నే ఏసినారు. రేప్పొద్దున్నే పోయి కుర్చీలో కూర్చోమన్నారు. చెన్నయ్యను జమ్మలమడుగుకు మార్చినారు."

యల్లమ్మ చేతులు కళ్లకు అద్దుకుంది. "చూసినావా?"

"చూసినా. ఒక మాట అర్థం కాలేదు. సంజీవయ్య సారు నాతో కొట్లాడతాడనుకుంటి. కొట్లాడలేదు. నేను గదిలోకి పోంగనే లేచి నిలబడినాడు. చెన్నయ్య నా చెయ్యి పట్టుకొని ఊపినాడు, నవ్వినాడు. శనివారం నన్ను జూసి నవ్విన నవ్వు గాదు. సెలవు ఇచ్చినప్పుడు పిల్లోళ్లు నవ్వుతారు చూడు, అట్ల నవ్వినాడు."

"కడుపులో మండిపోతాంటాది. పైకి నవ్వుతాండాడు."

"మండలేదే. సంజీవయ్య సారోళ్లు నిన్న మీటింగులో రాళ్లు పడినప్పటి నుంచి చెన్నయ్యను ఆ కుర్చీ నుంచి యట్ల తప్పిచ్చాల్నా అని చూస్తాండారంట. మిల్లు గుమాస్తా ఒకడు చెప్పె. అప్పుడే నా పేరు వచ్చె." వీరన్న ఆమె వైపు చూశాడు. "నా పేరు యట్ల వచ్చింది?"

యల్లమ్మ చెప్పింది. ఒత్తులు, నాగేశ్వరమ్మ, ఆమె అడిగిన మాట, తను చెప్పిన మాట అన్నీ చెప్పింది. చెప్పేకొద్దీ ఆమె గొంతు పెద్దదయింది, ఎందుకంటే వీరన్న ముఖం చిన్నదయింది.

"ఆ మాట ఎవురెవురు ఇన్నారు?"

"ఎవురింటే ఏమి?"

"ఆ ఇంట్లో కూర్చున్నోళ్లలో ఆ పక్కలోళ్ల బంధువులు గూడా ఉంటారు. ఈపాటికి ఆ మాట పులివెందులకు పోయింటాది." తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "ఎవుర్ని అడిగి చెప్పినావు నువ్వు? నేను యాపొద్దయినా అట్లన్న్యానా? మా నాయన గూడా అనలేదే ఆ మాట."

"నీకు చేతగాకనే నేను పోయి అడిగితి! నలుగురిలో నిన్ను గొర్రె అన్న్యారు. ఆడ నిల్చుకొని ఇన్నది నేను!"

"గొర్రే అనిరి గదా. మనిషన్న్యావు నువ్వు. అదీ ఒకరి మనిషన్న్యావు."

ఆమె అన్నం పెడితే తిన్నాడు. ఉస్మాన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, నోరంతా నవ్వు.

"అన్నా, రేపు నీకు జీపు. పొద్దున్నే కడిగి పెడతా."

"నాకు జీపు వద్దులే ఉస్మాన్. నేను బస్సులోనే పోతా."

"మేనేజరు బస్సులో పోతే ఎవురన్నా నగుతారు." ఉస్మాన్ గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. "జీపు వద్దంటే సంజీవయ్య సారు దాన్ని చెన్నయ్యకు ఇస్తాడన్నా. నన్నూ దాంతోపాటే ఇస్తాడు. ఆయప్ప కింద నేను ఈ జన్మకు పర్మనెంటు గాను. నువ్వయితే ఒక మాట అంటావు నా గురించి. అంటావు గదా?"

"అంటాలే," అన్నాడు వీరన్న.

*

మంగళవారం పొద్దున యల్లమ్మ నీలం పెట్టె సర్దింది. ఇస్త్రీ చేసిన చొక్కాలు, కొత్త పంచె, అద్దం, దువ్వెన, నలగకుండా మడిచిన కండువా. ఊరిబిండి గిన్నె అందులో పెట్టలేదు. మూత కారితే మళ్లీ మరక. వీరన్న ఖాకీ సంచిని తనే సర్దుకున్నాడు. లుంగీ, తువ్వాలు, రొట్టెలు పెట్టుకున్నాడు. గిన్నె కూడా తీసుకుని, మూతకు కాగితం మడిచి తనే బిగించాడు.

"ఆ పెట్టె నాకొద్దు. అది మోసుకొని బస్సెక్కలేను."

"జీపెక్కు."

"ఎక్కను. జమ్మలమడుగులో దిగి ఆడి తాళాలు చెన్నయ్యకిచ్చి, మల్ల బస్సులో పోయి, యార్డు గేటు కాడ దిగి, రోజూ పోయినట్లే నడ్సుకుంటా లోపలికి పోతా. వాళ్లకు నేను ఎప్పట్లాగే కనపడాల."

వీధిలో ఉస్మాన్ జీపు తుడుస్తున్నాడు. రంగు పోలేదు. జెండా గాలికి కొట్టుకుంటోంది. చుట్టుపక్కల వాళ్లు గడపల మీదికి వచ్చి చూస్తున్నారు. చిరిగిన సంచితో మేనేజరు బస్టాండుకు నడిచిపోవడం వీళ్లంతా చూస్తారని యల్లమ్మకు ఒళ్లు మండింది.

"సరే, నువ్వు బస్సులోనే పో. పెట్టె జీపులో పోనీ," అంది. "కొత్త మేనేజరు సామాను వచ్చిందని యార్డులో వాళ్లకు తెలియాల్నా వద్దా?"

"మంచి మాట వదినా!" అన్నాడు ఉస్మాన్. "నేను ముందు పోయి గది ఊడిపిచ్చి పెట్టె పెట్టి, కుర్చీ తుడ్సి ఉంటా. అన్న వచ్చి కూర్చోవడమే."

"వద్దు," అన్నాడు వీరన్న.

"అన్నా, ఈ ఒక్కటన్నా చెయ్యనీ నన్ను."

వీరన్న జెండా వైపు చూశాడు. బస్సుకు వేళవుతోంది. "ఆ జెండా తీసేసి పో," అన్నాడు.

"ఊరు దాటంగనే తీస్తా. ఈడ తీస్తే సారుకు చెప్పేటోళ్లు ఉండారు."

హసీనా టిఫిను డబ్బా తీసుకుని బయటికి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం నిలబడి, యల్లమ్మ దగ్గరికి వచ్చింది.

"అక్కా, అన్న బస్సులో పోతే మా ఆయప్ప ఒక్కడే ఆ జీపులో ఏమిటికి?"

"డ్రైవరు జీపులో గాకుండా యాడ పోతాడే?" అంది యల్లమ్మ.

అది గట్టిగానే అంది. గడపల మీద ఉన్నవాళ్లు నవ్వారు. హసీనా నవ్వలేదు. డబ్బాను సీటు మీద పెట్టింది. ఉస్మాన్ పెట్టెను ఎత్తి ముందు సీట్లో తన పక్కన నిలబెట్టి, జారకుండా తాడుతో కట్టాడు. "మేనేజరు సారు కూర్చున్నాడు," అని పెట్టె మీద చెయ్యి వేసి చూపించాడు. అప్పుడు హసీనా కూడా నవ్వింది.

వీరన్న సంచి తగిలించుకుని "పోయొస్తా" అన్నాడు. యల్లమ్మ వీధి మధ్యకు వచ్చి ఆయన మలుపు తిరిగేదాకా చూసింది. వెనక జీపు స్టార్టయింది, గేరు మారింది, రెండోవైపు నుంచి వెళ్లిపోయింది. ఆ వైపు ఆమె తిరిగి చూడలేదు.

ఇల్లు ఊడవకుండా కూర్చుంది. బస్సు జమ్మలమడుగు చేరి ఉంటుంది. తాళాలిచ్చి ఉంటాడు. ఇంకో బస్సు ఎక్కి ఉంటాడు. పక్కవాటాలో హసీనా ఊడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆమెకు ఆ పట్టింపు లేదు. అప్పుడే ఊడవొద్దని ఆమెకు చెప్పాలని కూడా యల్లమ్మకు తోచలేదు.

మధ్యాహ్నం చెన్నయ్య స్కూటరు మీద వచ్చాడు. జమ్మలమడుగు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. తల నిండా దుమ్ము. దిగి, స్టాండు వేయబోయి వేయలేక గోడకు ఆనించాడు.

"అక్కా," అన్నాడు. "ముద్దనూరు దాటినాక మిల్లు జీపు మీద బాంబులేసినారు."

యల్లమ్మ గోడ పట్టుకుంది. చెన్నయ్య తొందరగా అన్నాడు. "అన్న దాంట్లో లేడక్కా. అన్న బస్సులో ఉండాడు. నేనే ఎక్కిచ్చినా. బస్సును ముద్దనూరులో ఆపేసినారు. అన్నకేం కాలేదు."

"దేవుడా," అంది యల్లమ్మ. "దేవుడా, బతికిచ్చినావు." రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఆ చేతులు దించేటప్పుడు పక్క గుమ్మంలో హసీనాను చూసింది. హసీనా చేతిలో బియ్యం చాట ఉంది. ఆమె చెన్నయ్యను ఏమీ అడగలేదు. చాటను కింద పెట్టింది. బియ్యం ఒలకకుండా నెమ్మదిగా పెట్టింది.

*

సాయంత్రానికి వీరన్న ఖాకీ సంచితో తిరిగి వచ్చాడు. సంజీవయ్య, ఇద్దరు గుమాస్తాలు, ఒక కానిస్టేబులు వీధిలో ఉన్నారు. హసీనా తమ్ముడు సలీం అప్పటికే ఆమెను పులివెందుల ఆస్పత్రికి తీసుకుపోవడానికి ఆటో కోసం పరుగెత్తాడు. హసీనా గడప మీద కూర్చుని ఉంది.

"ఈ పొద్దు జీపు పంపమని కంపెనీ చెప్పలేదు," అంటున్నాడు సంజీవయ్య కానిస్టేబులుతో. "మేనేజరు బస్సులో పోతానన్న్యాడు. మాకు తెలిసిందంతే. ఆ డ్రైవరు మా జీతాల రిజిస్టరులో గూడా లేడు, టెంపరరీ. ఎవురు పంపినారో మాకు తెలియదు." వీధిలోకి తిరిగి గొంతు పెంచాడు. "ఎవురు పంపినారప్పా? పెట్టె మోసేదానికా జీపు?"

హసీనా తల ఎత్తి యల్లమ్మను చూసింది. పొద్దున గడపల మీద నవ్వినవాళ్లందరూ ఇప్పుడూ గడపల మీదే ఉన్నారు. పంపింది యల్లమ్మేనని ఎవరూ చెప్పలేదు. హసీనా కూడా ఆ మాట అనలేదు. చూస్తూ ఊరికే ఉంది, ఆ మాట యల్లమ్మే అంటుందేమోనన్నట్టు.

యల్లమ్మ పెదవులు కదిలాయి. నాగేశ్వరమ్మ ముందు ఎంత సులభంగా వచ్చాయో ఆ నాలుగు మాటలు. ఇప్పుడు ఒక్కటీ రాలేదు.

"నేనే పంపినా," అన్నాడు వీరన్న. భుజం మీద నుంచి సంచి దించలేదు. "నా పెట్టె. నేనే పంపినా, రాసుకోండి."

సంజీవయ్య తల ఊపాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఒక పని సర్దుబాటయినప్పటి నెమ్మది ఉంది. "సరే," అన్నాడు. "పులివెందుల సంగతి ఎలక్షన్లు అయినాక చూద్దాంలే. అందాకా నువ్వు షెడ్డులోనే ఉండు."

ఆటో వచ్చింది. హసీనా లేచి, బియ్యం చాట లోపల పెట్టి, తలుపుకు గొళ్లెం వేసి ఎక్కింది. యల్లమ్మ దగ్గరికి పోయి నిలబడింది గానీ హసీనా ఆమె వైపు తిరగలేదు. ఆటో మలుపు తిరిగేదాకా యల్లమ్మ అక్కడే నిలబడి చూసింది.

పోలీసులు నెల దాటాక పెట్టె తెచ్చి ఇచ్చారు. ఒక మూల ఇనుపరేకు నల్లబడింది. తాళం తాళంగానే ఉంది. చొక్కాలు మడతలు చెదరలేదు. వీరన్న వాటిని తొడగలేదు. చెన్నయ్య ఎలక్షన్లయిన ఏడాదికి ప్రొద్దుటూరు ఆఫీసులోనే సంజీవయ్య పక్క గదిలో మేనేజరయ్యాడు, మిల్లులో మళ్లీ మైసూరుపాకు పంచారు. హసీనా సామాను సలీం వచ్చి మైదుకూరుకు తీసుకుపోయాడు. ఆమె మళ్లీ ఆ వీధికి రాలేదు. దోవలో గొడవలవుతాయని ఉస్మాన్ శవాన్ని పోలీసులు ఇంటికి పంపలేదు. పులివెందులలోనే మట్టి చేశారు.

జీపు తోలుకుని వెళ్లిన ఉస్మాన్ తిరిగి రాలేదు. అది తొంభై నాలుగు, నవంబరు పదహైదు, మంగళవారం.